బుడమేరు తిరిగి ఇచ్చిన అర్ధరూపాయి ప్యాకెట్

మా కొట్టు గల్లాపెట్టెలో చిల్లర అరల పక్కన ఒక ఖాళీ షాంపూ ప్యాకెట్ ఉంది. రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. పైమూల పంటితో కొరికి చింపిన గుర్తు కనిపిస్తుంది. రంగు కొంచెం వెలిసింది గానీ, బొమ్మలోని అమ్మాయి జుట్టు ఇంకా నల్లగానే ఉంది. వెనక చిన్న అక్షరాల్లో ధర అచ్చు వేసి ఉంది, 50 పైసలు.

పావలా బిళ్ల 2011లో చెల్లకుండా పోయింది. అర్ధరూపాయి చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది గానీ, మా వీధిలో దాన్ని ఇచ్చేవాళ్లూ లేరు, పుచ్చుకునేవాళ్లూ లేరు. ఆ ధరకు షాంపూ అమ్మి ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది. ఆ రోజు తలంటుకున్న పిల్ల ఈపాటికి తన పిల్లలకు తలంటుతూ ఉంటుంది. ప్యాకెట్ మాత్రం నిన్న పారేసినట్టే ఉంది.

2024 సెప్టెంబరులో వరద తీశాక, కొట్టు ముందు మురుగు కాలువలో పూడిక తీస్తుంటే ఇది పారకు తగిలింది. బహుశా మా కొట్లోనే కొన్నది అయి ఉంటుంది. అప్పట్లో మా వీధిలో ఇంకో కిరాణా కొట్టు లేదు. చేతిలోకి తీసుకున్నాను, కడిగాను, ఇక పారేయలేకపోయాను. ఎక్కడ పారేసినా అది మళ్లీ ఎక్కడో ఒకచోట ఇలాగే ఉంటుందని కళ్లారా చూశాను కదా.

మాది విజయవాడ సింగ్‌నగర్. కొట్టు 1988లో మా నాన్నగారు పెట్టారు. 2004 నుంచి నేను చూసుకుంటున్నాను. ఆ సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరు ఏటికి గండ్లు పడ్డాయని ఫోన్లు వచ్చేసరికే నీళ్లు మా వీధి మొదట్లోకి వచ్చేశాయి. పది బియ్యం బస్తాలు బల్లల మీదకు ఎక్కించి, మిగతాది వదిలేసి, మా అమ్మను ఎత్తుకుని ఎదురింటి మేడ మీదకు చేరాం. మధ్యాహ్నానికి షట్టరు సగం మునిగింది. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నాయని విన్నాం. బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. బుడమేరు మళ్లింపు కాలువ వచ్చి కలిసేది ఆ కృష్ణలోనే. నదే నిండుగా ఉంటే ఏటి నీళ్లు పోయే దారి ఏది? వెనక్కి ఎగదన్ని మా ఇళ్ల మీదకే వచ్చాయి.

ఐదు రోజులు ఆ మేడ మీద ఉన్నాం. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర నుంచి పడవల మీద, ట్రాక్టర్ల మీద, పైనుంచి హెలికాప్టర్లలో, డ్రోన్లతో అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు, బిస్కెట్లు, నీళ్ల సీసాలు వచ్చాయి. మా అమ్మకు చక్కెర జబ్బు. మాత్ర వేసుకోవడానికి గుక్కెడు మంచినీళ్లు లేని పూట ఒక కుర్రాడు పడవలో నిలబడి మేడ మీదకు సీసాలు విసిరాడు. ప్లాస్టిక్‌ను ఒక్క మాట అనే ముందు నేను ఆ సీసాను తలచుకుంటాను. నడుంలోతు మురుగు మధ్య ఆ నీళ్లు చెడకుండా మా అమ్మ నోటిదాకా వచ్చాయంటే ఆ సీసా వల్లే.

నీళ్లు తీశాక షట్టరు ఎత్తడానికి నలుగురం పట్టాం. లోపలి వాసన గురించి రాయను, ఆ రోజుల్లో మా పేటల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. బల్లల మీద పెట్టిన బస్తాలు కూడా నానిపోయి, ఉబ్బి, కుట్లు తెగి ఉన్నాయి. బెల్లం మొత్తం కరిగిపోయి దిమ్మలు కట్టిన గోనె ఒక్కటే మిగిలింది. అగ్గిపెట్టెలు, అగరొత్తులు, చిట్టా పుస్తకాలు ఒకే ముద్ద. ఆ బురదలో కాళ్లకు అడ్డం పడుతున్న బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తీసి, తుడిచి, కత్తెరతో కోశాను. బిస్కెట్ విరిచితే టక్కుమంది. వారం రోజులు మురుగులో మునిగి ఉన్న బిస్కెట్ కరకరలాడుతోంది! తినే ధైర్యం ఎవరికీ లేదు, అన్నీ పారబోశాం. గోడకు వేలాడదీసిన షాంపూ ప్యాకెట్ల దండలు మాత్రం బురద కడిగితే మునుపటిలాగే మెరిసిపోయాయి.

కొట్లో కూర్చుని ఇరవై ఏళ్లుగా వాటిని చింపి ఇస్తున్నాను గానీ, అవి దేనితో చేస్తారో అప్పటిదాకా ఆలోచించలేదు. ఆ ప్యాకెట్ ఒక రేకులా కనిపిస్తుంది గానీ ఒకటి కాదు. బయట అచ్చు వేయడానికి వీలుగా ఉండే పాలిస్టర్ పొర, మధ్యలో వెలుతురు, గాలి, తేమ చొరబడకుండా అల్యూమినియం పూత, లోపల వేడి చేసి మూతి అతికించడానికి పాలిథిన్ పొర. మూడూ కలిపి తల వెంట్రుకంత మందం ఉంటే ఎక్కువ. ఏ పొరకు ఆ పొర విడిగా ఉంటే కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. జిగురుతో అతికించాక గోరుతో గీకినా, సూదితో పొడిచినా విడిపోవు. మూడూ మూడు రకాల వేడికి కరుగుతాయి, కలిపి కరిగిస్తే దేనికీ పనికిరాని ముద్ద అవుతుంది. షాంపూను రెండేళ్లు కాపాడడానికి చేసిన గట్టితనం, షాంపూ అయిపోయాక తన పని అయిపోయిందని తెలుసుకోలేదు.

ఈ సంగతులు నాకు మొదట చెప్పింది చదువుకున్నవాళ్లు కాదు. మా వీధుల్లో సీసాలు, అట్టలు ఏరుకునే ఒక పెద్దామె. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. వరద తర్వాత ఇరవై రోజులు ఆమెకు చేతినిండా పని. సాయంగా వచ్చిన నీళ్ల సీసాలే వీధికి ఒక గుట్ట చొప్పున పడి ఉన్నాయి. కొట్టు ముందు అరుగు మీద కూర్చుని తన గోనె బోర్లించి వేరు చేస్తుంటే, పక్కన నేను బురద పట్టిన డబ్బాలు కడుగుతున్నాను. ఆమె చూడను కూడా చూడకుండా, చేత్తో తాకుతూ, చెవితో వింటూ పక్కకు వేస్తోంది. ఏమిటి పెద్దమ్మా వింటున్నావు అని అడిగాను.

ఆమె ఒక పాల కవరు తీసి నా చెవి దగ్గర నలిపింది. చప్పుడు లేదు, మెత్తగా ముడుచుకుంది. తర్వాత చిప్స్ కవరు నలిపింది. గలగలమంది. "మెత్తనిది బేరానికి పోతుంది బాబూ, గలగలమనేది పోదు" అంది. పాల కవరు ఒక కొస పట్టుకుని లాగి చూపించింది, సాగింది. చిప్స్ కవరు సాగలేదు, చిరిగింది. నీళ్ల సీసా మూత తిప్పి తీసి వేరే సంచిలో వేసింది. మూత ఒక జాతి, సీసా ఒక జాతి అంది. నా ముందున్న బకెట్లో ఒక మూత, ఒక సీసా ముక్క వేసింది. మూత తేలింది, ముక్క మునిగింది.

అదే పరీక్షను పెద్ద ఎత్తున ఎలా చేస్తారో తర్వాత ఆటోనగర్‌లో పాత ప్లాస్టిక్ కొనే ఒకాయన వివరించాడు. సీసాలను మరలో వేసి చిన్న చిన్న పలుకులు చేస్తారు. కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లతో కడిగితే జిగురు, మురికి వదులుతాయి. తర్వాత నీటి తొట్టిలో పోస్తే సీసా పలుకులు అడుగుకు చేరతాయి, మూతల ముక్కలు పైన తేలుతాయి. ఆ పలుకులను కరిగించి దారంగా తీస్తే పాలిస్టర్. దిండ్లలో దూదికి బదులు కూరే తెల్లటి పీచు, కొన్ని రకాల చొక్కా గుడ్డ అలా వచ్చేవే. పాల కవర్లు కడిగి కరిగించి గుళికలు చేస్తారు, వాటితో చెత్త సంచులు, పైపులు. సీసాకు చుట్టిన రంగు లేబులు కొన్నిటికి పీవీసీ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌తో చేస్తారట. అది సీసా పలుకులతో పాటే మునుగుతుంది, వేడికి నల్లబడి మొత్తం పాకాన్ని పాడు చేస్తుంది. అందుకని లేబుళ్లు చింపడానికే అక్కడ ఇద్దరు ఆడవాళ్లు రోజంతా కూర్చుంటారు. కంపెనీ ఆ లేబులు మార్చుకుంటే ఆ ఇద్దరి వేళ్లు అంతగా పగిలేవి కావు.

ఇక తూకం సంగతి. నా దగ్గర గ్రాము తేడా లేకుండా తూచే కాటా ఉంది. లీటరు నీళ్ల సీసాలు యాభై లోపే కిలో తూగాయి. అరలీటరు పాల కవర్లు కడిగి ఆరబెట్టి తూస్తే కిలోకు నాలుగు వందలు దాటాయి. షాంపూ ప్యాకెట్లు నూరు పెట్టాను. నూరు గ్రాములు కూడా తూగలేదు. అంటే కిలో కావాలంటే వెయ్యికి పైగా ఏరాలి. వెయ్యిసార్లు నడుం వంచాలి. అన్నిసార్లు వంగి, మోసుకుపోయినా కొనేవాడు లేడు. పెద్దమ్మ వాటిని ఏరకుండా వదిలేయడం నిర్లక్ష్యం కాదు, ఆమె కూలి లెక్క. ఊళ్లో మురుగు కాలువల్లో సీసాలు తక్కువగా, రేకు ప్యాకెట్లు ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయో నాకు ఆ కాటా మీద అర్థమైంది. దేనికి ధర ఉందో అది పెద్దమ్మ గోనెలోకి చేరుతోంది, లేనిది కాలువలోకి పోతోంది.

వేసవిలో డెల్టా కాలువలకు నీళ్లు ఆపేసినప్పుడు మా ఊళ్లోని రైవస్ కాలువ వంతెన మీద ఒక్క నిమిషం ఆగి కిందికి చూడండి. నిండా నీళ్లు పారేటప్పుడు అందంగా కనిపించే కాలువ అడుగంతా రంగురంగుల రేకులే. వానాకాలంలో మా సింగ్‌నగర్ మురుగు బుడమేరులోకి, బుడమేరు కొల్లేరులోకి, కొల్లేరు నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతుంది. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో ఉన్న సరస్సు. అక్కడి ఆటపాకలో గూడబాతులను చూడడానికి మా పిల్లలను తీసుకువెళ్లాను. సంచిలాంటి ముక్కుతో నీళ్లను తోడి చేపను పట్టే పక్షి అది. ఆ నీళ్లలో నేను అమ్మిన ప్యాకెట్ ముక్క ఉందేమోనన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. ఇప్పుడు వస్తోంది. ఈ రేకులు ఎండకు పెళుసెక్కి, ముక్కలై, ఆ ముక్కలు ఇంకా చిన్న ముక్కలై కంటికి కనపడనంత సన్నం అవుతాయే తప్ప మట్టి కావు. గల్లాపెట్టెలోని ప్యాకెట్ వెలుతురు తగలని బురదలో ఉంది కాబట్టి ముక్కలు కూడా కాకుండా ఉంది.

ఇది మా వీధి కథే కాదు. 2017లో శాస్త్రవేత్తలు వేసిన ఒక లెక్క నన్ను కదిలించింది. 1950 నుంచి 2015 దాకా ప్రపంచంలో 830 కోట్ల టన్నుల ప్లాస్టిక్ తయారైంది, అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్త అయింది, ఆ చెత్తలో తిరిగి వాడకానికి వచ్చింది 9 శాతమే, 12 శాతం కాల్చేశారు, మిగతాదంతా గుట్టల్లోనో నేలమీదో నీళ్లలోనో ఉంది. పైపులూ కుర్చీలూ కొన్నేళ్లు ఉంటాయి. ప్యాకింగ్ ప్లాస్టిక్ చాలావరకు తయారైన ఏడాదే చెత్తకు పోతుంది.

మా నాన్నగారి కాలంలో ఈ కొట్లో ప్లాస్టిక్ లేదని అనను. నూనె ప్యాకెట్లు అప్పుడే వచ్చాయి. కానీ పప్పులు, పంచదార, ఇంగువ పలుకు కూడా కాగితంలోనే. పాత పేపరును చేతిలో తిప్పి శంఖంలా చేసి, అడుగున మడిచి, సరుకు పోసి, పైన పురికొస నాలుగు చుట్లు చుట్టి తెంపేవారు. నాకు ఆ పొట్లం ఇప్పటికీ నాన్నగారంత బిగువుగా కట్టడం రాదు. సోడా సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు గాజువి. ఖాళీ సీసా ఇక్కడే ఇచ్చి వెళ్లాలి, ఇంటికి పట్టుకుపోతే డిపాజిట్ కట్టాలి. నా చిన్నప్పటి జేబు డబ్బంతా వీధిలో మరిచిపోయిన సీసాలు తెచ్చి ఇచ్చినందుకు నాన్నగారు ఇచ్చిందే. నిండు సీసాలు దించిన బండి అదే రోజు ఖాళీ సీసాల పెట్టెలు ఎక్కించుకుని వెళ్లేది.

ఆ బండి దగ్గరే నా మనసు ఆగిపోతోంది. ఇప్పుడు కూడా మా కొట్టుకు వారానికి ఐదారు కంపెనీల సరుకు బండ్లు వస్తాయి. నిండుగా వస్తాయి, ఖాళీగా వెళ్తాయి. ఒక కంపెనీ సరుకు తెచ్చే కుర్రాణ్ని అడిగాను, మీ ఖాళీ ప్యాకెట్లు ఒక బస్తాలో వేసి ఇస్తాను, తీసుకెళ్తావా అని. "గడువు దాటిన సరుకు అయితే తీసుకుంటాం సార్, ఖాళీలు తీసుకోం" అన్నాడు. గడువు దాటిన సరుకు వెనక్కి తీసుకుపోయే దారి ఉంది! అదే బండి, అదే మనిషి, అదే చిట్టా. ఖాళీ ప్యాకెట్‌కు మాత్రం ఆ దారి లేదు, ఎందుకంటే దాన్ని తీసుకుపోవాలని ఆ బండికి ఎవరూ చెప్పలేదు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2016లో కేంద్రం తెచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో, రీసైక్లింగ్‌కు పనికిరాని ఈ బహుళ పొరల ప్యాకింగ్‌ను రెండేళ్లలో దశలవారీగా ఆపేయాలని రాశారు. చదివి సంతోషించాను. రెండేళ్లు పూర్తయ్యే వేళకు, 2018 మార్చిలో ఆ వాక్యాన్నే సవరించారు. రీసైక్లింగ్‌కు పనికిరాకపోయినా, కాల్చి శక్తి తీయడానికో మరోదానికో పనికొస్తే చాలన్నారు. కాలనిది ఏముంటుంది? ఆ ఒక్క సవరణతో షాంపూ ప్యాకెట్ బతికిపోయింది. గుట్కా, పొగాకు, పాన్‌మసాలా ప్యాకెట్లకు ప్లాస్టిక్ వాడకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఒక సరుకుకు వద్దని చెప్పగలిగినవాళ్లు ఇంకో సరుకుకూ చెప్పగలరు.

2022 ఫిబ్రవరిలో తయారీదారుల బాధ్యత గురించి ఇంకో ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం సీసాలు, డబ్బాల వంటి గట్టి ప్యాకింగ్‌లో 2024-25లో 50 శాతం, 2027-28 నాటికి 80 శాతం రీసైకిల్ చేయించే పూచీ కంపెనీలది. బహుళ పొరల ప్యాకింగ్‌కు అది 30 శాతం నుంచి మొదలై 60 శాతానికి చేరాలి. ఇది మంచి అడుగని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. కానీ కంపెనీ తన ప్యాకెట్‌నే వెనక్కి తెచ్చుకోనక్కర్లేదు. దేశంలో ఎక్కడో రీసైకిల్ చేసినవాళ్ల దగ్గర అంత బరువుకు ధ్రువపత్రం కొనుక్కుంటే సరిపోతుంది. లెక్క టన్నుల్లో కుదురుతుంది, మా వీధి కాలువ మాత్రం అలాగే ఉంటుంది.

2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసుల వంటివి నిషేధం. అదే ఏడాది చివరి నుంచి చేతిసంచి 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదు. మా కొట్టుకు తనిఖీకి వచ్చి పల్చటి సంచులు పట్టుకుని జరిమానా వేశారు. తప్పు నాదే, కట్టాను. కానీ నా వీపు వెనక గోడ నిండా వేలాడుతున్న దండలను చూపించి, ఇవో అని అడిగాను. అవి కంపెనీ ప్యాకింగ్ అన్నారు. నా చేతిసంచిని పెద్దమ్మ ఏరుకుంటుంది, అది మెత్తనిది. ఆ దండల్లో ఒక్కటి కూడా ఆమె ముట్టదు.

కాల్చేస్తే పోతుంది కదా అనేవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. నిజమే, మనకు పల్నాడులో, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ బట్టీల్లో 1400 డిగ్రీలకు పైగా వేడి ఉంటుంది, బొగ్గుతో పాటు ఈ రేకులు వేస్తే పూర్తిగా కాలిపోతాయి. కొండవీడు దగ్గర చెత్తతో కరెంటు తీసే ప్లాంటూ ఉంది. మదురైలో ఆచార్య వాసుదేవన్ వేడి కంకర మీద ప్లాస్టిక్ తురుము పూసి రోడ్లు వేసే పద్ధతి కనిపెట్టారు, 2018లో పద్మశ్రీ అందుకున్నారు. వీధి చివర ఆకులతో కలిపి తగలబెట్టి ఆ పొగ పిల్లల చేత పీల్పించడం కన్నా ఇవన్నీ నూరు రెట్లు నయం. కానీ వీటికీ ముందు ఆ ప్యాకెట్ కాలువలోంచి అక్కడిదాకా చేరాలి కదా. వెయ్యిసార్లు నడుం వంచడానికి ఎవరు కూలి ఇస్తారన్న ప్రశ్న దగ్గరికే మళ్లీ వస్తాం. పైగా కాలిపోయినదాన్ని తిరిగి రాబట్టామని అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇంకో మాట కూడా వింటుంటాను, పేదవాళ్లు రూపాయి ప్యాకెట్లు కొని చెత్త చేస్తున్నారని. ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. మా కొట్టుకు సాయంత్రం ఆరు తర్వాత వచ్చేవాళ్లు ఆ రోజు కూలి చేతిలో పట్టుకుని వస్తారు. రెండు వందల రూపాయల సీసా కొనలేరు. వాళ్ల బిడ్డ శుభ్రమైన తలతో బడికి వెళ్లాలి. రూపాయికి తలస్నానం దొరకడం మంచి విషయమే. ఆ రూపాయిలో ఖాళీ ప్యాకెట్‌ను వెనక్కి తీసుకునే ఖర్చు కలపకుండా వదిలేయడం చెడ్డ విషయం. అది కొన్నవాళ్ల పని కాదు, చేసినవాళ్లది, అమ్మినవాళ్లది. అమ్మినవాణ్ని నేనే కాబట్టి నా వంతు మొదలుపెట్టాను.

కొట్టు మళ్లీ తెరిచాక పప్పులు, మినుములు, మిరపకాయలు, పల్లీలు విడిగా పెట్టాను. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నవాళ్లకు కిలోకు రెండు రూపాయలు తగ్గిస్తున్నాను. ఉదయం పూట వచ్చే ఆడవాళ్లలో చాలామంది తెస్తున్నారు. నూనె కూడా అలా అమ్మాలని ఉంది గానీ, విడి నూనె అమ్మకం ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. కల్తీ జరుగుతుందని భయం, అది న్యాయమైన భయమే. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపి, గాజు సీసాలో నీళ్లు అమ్మి, ఖాళీ సీసా ఇస్తే దాని డబ్బు వెనక్కి ఇస్తున్నారు. నూనెకు కూడా అలాంటి ముద్ర వేసిన డబ్బా, డిపాజిట్ పద్ధతి వస్తే నా కొట్లో మొదటి వరుసలో పెడతాను.

ఖాళీ ప్యాకెట్ల కోసం పిల్లలను పట్టుకున్నాను. పాతిక ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒక పల్లీ ఉండ, గాజు సీసాలోంచి తీసి ఇస్తాను, దానికి కాగితం కూడా ఉండదు. మొదటి వారం నలుగురు తెచ్చారు. నెల తిరిగేసరికి వీధిలో పిల్లలు మురుగు కాలువ గట్టు మీద వెతకడం మొదలుపెట్టారు. అప్పుడు వాళ్ల తల్లులతో మాట్లాడి, ఇంట్లో వాడినవి, కడిగినవి మాత్రమే తేవాలని గట్టిగా చెప్పాను. పెద్దమ్మ చేసే పనిని చిన్నపిల్లల చేత చేయించడం నా ఉద్దేశం కాదు.

ఎనిమిది నెలల్లో మూడు బస్తాలు నిండాయి. మూడూ కలిపి 14 కిలోలు. ఆటోనగర్ ఆయనకు ఫోను చేశాను. వీటిని సిమెంటు ఫ్యాక్టరీకి పంపేవాళ్లు తనకు తెలుసని, కానీ టన్ను లేకపోతే లారీ రాదని చెప్పాడు. టన్ను పోగైతే చెప్పండి అన్నాడు. ఫోను పెట్టేసి చిట్టా వెనక లెక్క వేశాను. నా ఒక్క కొట్టుతో అయితే టన్నుకు నలభై ఏడేళ్లకు పైనే పడుతుంది. డెబ్బై కొట్లు కలిస్తే దాదాపు ఎనిమిది నెలలు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట కలిపితే డెబ్బై కిరాణా కొట్లు దొరకడం కష్టం కాదు. ఇప్పటికి పదకొండు మందిని అడిగాను. నలుగురు ఒప్పుకున్నారు, వాళ్లలో ఇద్దరు బస్తా కూడా కట్టారు. ముగ్గురు ఆలోచిస్తామన్నారు. మిగతావాళ్లకు స్థలం లేదు. వరద తర్వాత చేసిన అప్పులతోనే ఊపిరాడని కొట్లవి, వాళ్లను నేనేమీ అనలేను.

నిన్న సాయంత్రం మబ్బు పట్టి పెద్ద వాన కురిసింది. వీధి చివర నీళ్లు నిలబడ్డాయంటే చాలు, ఇప్పటికీ మా అమ్మ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడి చూస్తుంది. నేను నిచ్చెన వేసి మూడు బస్తాల మూతులూ పురికొసతో బిగించి అటక మీదకు ఎక్కించాను. కింద పెద్దమ్మ తడిసిన గోనె నెత్తిమీద వేసుకుని, పాల కవర్ల మూట కోసం నిలబడి ఉంది. మూట తూచి ఇచ్చాను. ఆమె అటక వంక కాసేపు చూసి, "వాటికి రేటు వస్తే ముందు నాకే చెప్పు బాబూ" అని, వాన తెరిపి ఇచ్చేలోపే వెళ్లిపోయింది.